మీటల సందుల్లో రజను

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు పోలీసు కవరు మీది సీలు నేనే చింపాను. ఎదురుగా ఇద్దరు సాక్షులు. ఒకరు మురళీమోహన్ శెట్టి, ప్రొద్దుటూరులో ఈ బంగారు పని వర్క్‌షాపు యజమాని. రెండో మనిషి పీరాంబీ. ఇక్కడ నేల ఊడ్చి, ఆ మట్టి కడిగి, అందులో రాలిన బంగారం తీసిచ్చేది ఆమే.

కేసు మూసి పోలీసులు నాకు తిరిగిచ్చిన ఆ కవరులో ఉన్నది నా తమ్ముడు సామ్యూల్ ఫోను.

పదకొండు రోజుల కిందట, సాయంత్రం నాలుగూ యాభై అయిదుకు, వాడు ఈ భవనం మేడ మీద నుంచి పడి చనిపోయాడు. అంతకు మూడు నిమిషాల ముందు ఈ ఫోను నుంచి నాకొక మెసేజి వచ్చింది. ‘అక్కా, తప్పు చేసినా. క్షమించు. నా కోసం ఏడ్వద్దు.’ ఫోను పిట్టగోడ మీద దొరికింది. అయిదూ నలభైకి పోలీసులు దాన్ని కవరులో వేసి సీలు పెట్టారు. దొంగతనం బయటపడి సిగ్గుతో దూకాడని శెట్టి చెప్పాడు. కాగితం మీదికి అదే ఎక్కింది.

పాస్టరుగారు క్షమించమన్నారు. సరేనన్నాను. ఎవరిని క్షమించాలో తెలియాలి కదా. ముందు నాకు పేరు కావాలి. ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబులుగా మానుకుని, పులివెందులలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నదాన్ని. ఊళ్ళోవాళ్ళ తప్పిపోయిన బైకులు వెతికిచ్చాను, పారిపోయిన అల్లుళ్ళను వెతికిచ్చాను. నా తమ్ముణ్ణి తోసినవాణ్ణి వెతుక్కోలేనా?

“ఈ ఫోనంటే నీ తమ్మునికి ఎంత మురిపెమో దీవెనక్కా!” అంది పీరాంబీ. “అందరూ అద్దం ఫోన్లు కొంటాంటే, వీడు మాత్రం ‘చూడు పీరమ్మా, కంప్యూటరుకున్నన్ని మీటలుండాయి, రెండు సిమ్ములు, రేడియో, టార్చి, కెమెరా, ఇంకేం గావాల మనిషికి’ అని ఎచ్చులు పోతాన్యాడు.”

“పదకొండేండ్ల పాత ఫోను. మార్చమంటే నా మాట విన్నాడా?” అన్నాను.

“అద్దం ఫోను వాని వేలికి యాడ పలుకుతాది? ఆకురాయి పట్టి పట్టి వేలి కొనలు చెప్పు తోలయిపోయినాయి. పది సార్లు పొడిస్తే ఒగసారి పలికేది.”

శెట్టి గొంతు సవరించుకున్నాడు. “వానికి మురిపెం. మాకు తలనొప్పి. అదెందుకులే ఇప్పుడు.”

“తలనొప్పి ఎందుకు శెట్టిగారూ?”

పీరాంబీయే చెప్పింది. “ఈ వర్క్‌షాపులోంచి బయటికి పోయే ఏ వస్తువైనా తట్ట మీద దులపాల. చొక్కా, క్యారేజీ, చెప్పులు, ఫోను. అద్దం ఫోనయితే గుడ్డతో ఒక్క తుడుపు. దీనికేమో మీట మీటకూ సందు. సందు సందులో రజను.”

రజను అంటే ఆకురాయి పట్టినప్పుడు రాలే బంగారు పొడి.

“ఎవరు దులుపుతారు?”

“మేస్త్రీ వెంకటేష్. పనోళ్ళను కుంచె ముట్టుకోనియ్యరు. పంది వెంట్రుకల కుంచె వాని సొరుగులోనే ఉంటాది, తాళమేసి. రోజూ ఏడుకు, పని ఇడిచినంక, ఈ ఫోను ముందర పెట్టుకోని తిట్టుకుంటా కూర్చుంటాడు.”

నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. “ఆ రోజు సామ్యూల్ ఏం పని చేస్తున్నాడు?”

“పొద్దన్నుంచీ గాజులకు ఆకురాయి. ఫోను పీట మీదనే పెట్టుకోని రేడియో వింటాండాడు. నేను నాలుక్కి ఇంటికి పోయేటప్పుడు చూసినా గదా.”

“అయితే దీని సందుల్లో ఎంత రజను ఉండాలి?”

పీరాంబీ నల్ల కాగితం ఒకటి తెచ్చి కిటికీ దగ్గర ఎండలో పరిచింది. ఫోను బోర్లించి వేలితో తట్టింది. సన్నటి సూదితో మీటల చుట్టూ గీరింది. మళ్ళీ తట్టింది. కాగితం మీద ఏమీ పడలేదు. ముప్పై ఏళ్ళుగా మట్టిలో బంగారం ఏరిన కళ్ళు అవి. ఫోను కంటికి ఆనించుకుని చూసి, తల ఎత్తింది.

“రవ్వ గూడా లే. ఇది కుంచె పట్టిన చేతి పని అక్కా.”

“ఆ రోజు ఏడు గంటలకు ఈ ఫోను సీలు వేసిన కవరులో ఉంది,” అన్నాను. “మరి ఎప్పుడు దులిపారు శెట్టిగారూ?”

శెట్టి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నాకేం తెలుసమ్మా. వెంకటేష్ ఆ పొద్దు నాలుగూ ముప్పై అయిదుకే జమ్మలమడుగు బస్సుకు పోయినాడు, మా అంగట్లో నగలు ఇచ్చి రావడానికి.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఆడనే. రిపేరీ పనికి ఆడికి మార్చినా.”

“ఎప్పుడు మార్చారు?”

ఆయన కాసేపు ఆలోచించినట్టు నటించాడు. “మీ తమ్ముడు పోయిన మూడో రోజు.”

పదీ నలభైకి నేనొక్కదాన్నే మేడ ఎక్కాను. పిట్టగోడ నా రొమ్ముల దాకా వచ్చింది. సామ్యూల్ నాకన్నా బెత్తెడు పొట్టి. దూకాలంటే వాడు ముందు గోడ ఎక్కాలి. ఎక్కడానికి అక్కడ ఇటుక లేదు, డబ్బా లేదు, స్టూలు లేదు. గోడకు ఆనుకుని చూశాను. నా నల్ల జాకెట్టు ముందు భాగమంతా సున్నం అంటుకుంది.

ఆ రోజు ఆసుపత్రిలో నా తమ్ముడి చొక్కా విప్పింది నేను. ముందు భాగంలో సున్నం లేదు. వీపు మీద, రెండు రెక్కల మధ్య, పెద్ద తెల్లటి మరక ఉంది. పడ్డప్పుడు అంటిన దుమ్మని అప్పుడు అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఆ ఒక్క పూట నాకు పనికి రాలేదు.

దూకేవాడు గోడకు వీపు ఆనించడు. ఎవరో వాణ్ణి గోడకు అదిమిపెట్టి, కాళ్ళు పట్టి ఎత్తి, వెనక్కి తోశారు.

“జాకెట్టు పాడైందే కానిస్టేబులమ్మా.”

తిరిగి చూడకుండానే తెలిసింది. శరత్ చంద్ర. ఒకప్పుడు నా పై అధికారి. ఇప్పుడు కడపలో ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఈ కేసులో శెట్టి తరఫు మనిషి. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, పెదవి చివర అదే పాత నవ్వు.

“దొంగ దూకాడు. మెసేజి పెట్టి మరీ దూకాడు. ఇంకా ఏం వెతుకుతున్నావు?” అన్నాడు.

“దొంగిలించిన సొమ్ము ఎక్కడ?”

“అమ్ముకున్నాడు.”

“ఎవరికి?”

“అది చెప్పకుండానే చచ్చాడు కదా.”

ఆ మాటకు నా చెయ్యి లేచింది. గోడ పట్టుకుని ఆపుకున్నాను. “ఎనిమిదేండ్ల కిందట సింహాద్రిపురం కూలీ ఒకడు నీ చేతిలో కాలు విరిగి పడినాడు. ఆ పొద్దు గూడా ‘వాడే మెట్ల మీద పడినాడు, సంతకం పెట్టు’ అన్న్యావు. నీ నోటికి వేరే మాట రాదా?”

అతని నవ్వు పోయింది. “నువ్వు సంతకం పెట్టలేదు. నా మీదే వాంగ్మూలం ఇచ్చావు. నా ఉద్యోగం పోయింది. నా భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. అదంతా మర్చిపోయాననుకుంటున్నావా?”

“మర్చిపోవాలని నేను కోరుకోలా. బాగా గుర్తు పెట్టుకో.”

“ఆ ఫోను ఇలా ఇవ్వు. ల్యాబుకు పంపిస్తాను.”

“ల్యాబు కింద ఉంది. పేరు పీరాంబీ. పని అయిపోయింది.”

“ఏం తేలింది?”

“నీకెందుకు చెప్పాల? ఇంతకూ నువ్వు ఈ కేసులోకి ఎప్పుడొచ్చినావు?”

“మీవాడు చచ్చిన మరుసటి రోజు పొద్దున. శెట్టిగారు ఫోన్ చేసి పిలిచారు. వెళ్ళి అడుగు.” రెండడుగులు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “పగతో కేసులు తేలవు దీవెనమ్మా. పగ ఉన్నవాళ్ళకు చచ్చినవాడి తప్పు కనపడదు.”

“నాకు పగ ఉందని దాచిపెడతాండానా? ఉంది. వాడు దొరికేదాకా ఉంటాది. దొరికినంక గూడా ఉంటాది.”

అతన్ని దాటుకుని మెట్లు దిగాను. వెనకనుంచి అతను నన్ను ఆపలేదు. జాలిగా నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు తిట్టుకన్నా ఎక్కువ మండించింది.

పదకొండూ పదికి జమ్మలమడుగు బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకున్నాను. కుంచె వెంకటేష్‌ది. తాళం వెంకటేష్‌ది. తోసినవాడు, మెసేజి కొట్టినవాడు, ఆ తర్వాత చేతి అలవాటు కొద్దీ ఫోను దులిపి పిట్టగోడ మీద పెట్టినవాడు వెంకటేషే. మనిషిని చంపిన చేతికి రెండు రవ్వల బంగారం వదిలిపెట్టడానికి మనసు రాలేదు. అలాంటి తప్పు ఆ పనివాడు తప్ప ఇంకెవరూ చెయ్యరు. బస్సుకు పోయానన్నది కట్టుకథ అయి ఉండాలి.

పన్నెండింటికి శెట్టిగారి జమ్మలమడుగు అంగడికి చేరాను. కింద నగల దుకాణం, మొదటి అంతస్తులో రిపేరీ గది, దాని మీద మేడ. బయటి నుంచి మేడ దాకా మెట్లు. ముందుగా కింద కౌంటరు దగ్గర చందన అనే అమ్మాయిని అడిగి ఆ రోజు కెమెరా రికార్డు చూశాను. అయిదూ ఇరవై ఒకటికి వెంకటేష్ సంచీతో లోపలికి వస్తున్నాడు. గడియారం సరిగ్గానే ఉంది.

మూడుసార్లు చూశాను. ప్రొద్దుటూరులో నాలుగూ యాభై అయిదుకు మనిషిని తోసి, అయిదూ ఇరవై ఒకటికి బస్సులో ఇక్కడికి రావడం ఎవరి వల్లా కాదు. నేను కట్టుకున్న కేసు కింద కౌంటరు దగ్గరే కూలిపోయింది. కానీ ఫోను దులిపింది మాత్రం వాడే. అది అబద్ధం కాదు.

పైకి వెళ్ళాను.

వెంకటేష్ పీట ముందు కూర్చుని గొలుసు అతుకుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. నన్ను చూడగానే చేతిలో పట్టకారు జారింది.

“దీవెనక్కా! యా... యాడికొచ్చినావు?”

“నీ దగ్గరికే.” ఫోను తీసి పీట మీద పెట్టాను. దాని వంక చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. సామ్యూల్‌ను ఎవరు చంపారని అడిగితే వీడు ఏడుస్తాడు, దండం పెడతాడు, నాకేం తెలియదంటాడు. అందుకే అది అడగలేదు.

“మీ శెట్టి నీ మీద ఫిర్యాదు ఇస్తాండాడు,” అన్నాను.

“నా మీదనా? ఏమని?”

“ఈ పొద్దు కవరు తెరిచినాం. మీటల కింద రజను గీరితే గీరినంత వచ్చింది. మేస్త్రీ దులపకుండా రోజూ ఫోను బయటికి పంపినాడంట. సామ్యూల్‌తో చెయ్యి కలిపి దొంగతనం చేసినాడంట.”

వెంకటేష్ మెడ నరాలు ఉబ్బాయి. “ఎవుడు చెప్పింది?”

“అందరూ. పీరాంబీ గూడా నవ్వింది. ‘వెంకటేష్‌కు కండ్లు పోయినాయి, కుంచె పట్టడం మర్చిపోయినాడు’ అనింది.”

“ఆ ముసిల్దా? మట్టి కడుక్కునే ముసిల్దా నన్ననేది?” పీట మీద గుద్దాడు. గొలుసు ఎగిరి పడింది. “ముప్పై ఏండ్లు కుంచె పట్టినా. మా నాయన పట్టినాడు, మా తాత పట్టినాడు. నా తట్ట దాటి ఒక్క రవ్వ బయటికి పోలా! ఆ పొద్దు గూడా పోలా! మీట మీట కింద ఊది, నా చేత్తో నేను దులిపినా ఈ ఫోనును!”

తను ఏమన్నాడో వాడికి అప్పుడు తెలిసింది. నోరు తెరుచుకునే ఉంది.

“ఎన్ని గంటలకు?” అన్నాను.

“అక్కా...”

“అక్కా గిక్కా లే. ఎన్ని గంటలకు దులిపినావు?”

“నాలుగున్నరకు.”

“ఏడుకు దులిపే ఫోనును నాలుగున్నరకే ఎందుకు దులిపినావు?”

“బయటికి పోతాంది గదా. బయటికి పోయే వస్తువును దులపకుండా ఎట్ల పంపిస్తా? తీస్కపోయే ఆయన తొందరపడతాండాడు. ‘ఉండు సార్, రెండు నిమిషాలు’ అని చెప్పి దులిపి ఇచ్చినా.”

“ఎవరికి ఇచ్చినావు?”

వాడు వంగి గొలుసు తీశాడు. ఈలోగా నా తలలో రెండో లెక్క తిరిగింది. నాలుగున్నరకు దులిపిన ఫోను. నాలుగూ యాభై రెండుకు అదే ఫోనులో మెసేజి కొట్టారు. నలభై మీటలకు పైగా నొక్కాలి. సామ్యూల్ పొద్దున్నుంచి గాజులకు ఆకురాయి పట్టినవాడు, వాడి వేళ్ళ నిండా రజను. వాడే కొట్టి ఉంటే పీరాంబీ నల్ల కాగితం మీద నాలుగు రవ్వలైనా రాలేవి. ఒక్కటీ రాలలేదు. మెసేజి కొట్టిన వేళ్ళు బంగారం పని చేసే వేళ్ళు కావు. పొద్దున నేను తలకిందులుగా చదివాను.

“వెంకటేష్,” అన్నాను. “నా తమ్ముడు నీ పక్క పీట మీద తొమ్మిదేండ్లు కూర్చున్యాడు. నీ బిడ్డ పెండ్లికి గాజులు వాడే చేసిచ్చినాడు. పదకొండు దినాలు నువ్వు అన్నం ఎట్ల తింటాండావు?”

వాడి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. నాకు జాలి వెయ్యలేదు.

“శరత్ చంద్ర సార్,” అన్నాడు.

“ఆయన మరుసటి రోజు కదా వచ్చింది?”

“అది శెట్టి మమ్మల్నందరినీ చెప్పమన్న మాట. రెండు నగలు కనపడలేదని శెట్టి ఆ పొద్దు మధ్యాన్నమే ఆయనను పిలిపించినాడు. నాలుగు దాటినంక వెనక మెట్ల మీదుగా వచ్చినాడు. పనోళ్ళ ఫోన్లు ఒక్కొక్కటే చూస్తాన్యాడు. అందరివీ చూసి తిరిగి ఇచ్చేసినాడు. సామ్యూల్ ఫోను దగ్గర ఆగిపోయినాడు.”

“ఏం చూసి?”

“ఫోటో అక్కా. తెరిస్తేనే వచ్చే ఫోటో. నువ్వు పోలీసు డ్రస్సులో ఉండేది. ‘ఈమె నీకేమవుతుంది?’ అని అడిగినాడు. సామ్యూల్ లేచి నిలబడి నవ్వినాడు. ‘మా అక్క సార్, దీవెనమ్మ, పులివెందుల’ అన్న్యాడు. నీ పేరు చెప్తే సార్ మర్యాద ఇస్తాడనుకున్నాడేమో పాపం.”

నేను ఫోను నా వైపు తిప్పుకున్నాను.

“సార్ శానా సేపు ఆ ఫోటో చూసినాడు. ‘పైకి రా, నీతో పనుంది’ అని వాణ్ణి మేడ మీదికి పంపి, ఫోను తీస్కోని తనూ పోబోయినాడు. దులిపి ఇచ్చి నేను బస్సుకు పోయినా. నగలు మూడో దినం శెట్టి ఇంట్లోనే దొరికినాయక్కా. దొంగతనమే జరగలా.”

నా తమ్ముడు దొంగ కాదు. అది ఊరంతా వినేలా అరవాలనిపించింది. వాడు చనిపోయింది నగల కోసం కాదు, బంగారం కోసం కాదు. నా తమ్ముడైనందుకు. ఎనిమిదేళ్ళు ఎదురు చూసిన మనిషికి నా మీద చెయ్యి వేసే ధైర్యం లేక, నా పేరు గర్వంగా చెప్పుకున్న వాడి మీద వేశాడు. ఆ మెసేజి నాకే పంపాడు. నేను చదివి ఏడవాలని.

అప్పుడే పీట మీద వెంకటేష్ సొంత ఫోను మోగింది. తెర మీద పేరు చూసి వాడు బిగుసుకుపోయాడు. శరత్ చంద్ర సార్.

“ఎత్తు. స్పీకరు పెట్టు,” అన్నాను. “నేను రాలేదని చెప్పు.”

“వెంకటేషూ,” ఆ గొంతు మెత్తగా ఉంది. “ఎవరైనా వచ్చారా నీ దగ్గరికి?”

వాడు నా మొహం చూశాడు. “లేదు సార్.”

“మంచిది. ఒకసారి మేడ మీదికి రా. నీతో మాట్లాడాలి. కింద అంగట్లో బాగుండదు. నేను పైనే ఉన్నాను.”

ఫోను ఆగిపోయింది. మా తల మీద కప్పు పైన బూట్ల చప్పుడు నాలుగడుగులు నడిచి, వీధి వైపు పిట్టగోడ దగ్గర ఆగింది.

“నన్ను చంపుతాడక్కా,” అన్నాడు వెంకటేష్. “ఫోను ఆయన చేతికి పోయింది నాకొక్కనికే తెలుసు. నన్ను గూడా...”

“తలుపు గడి పెట్టుకో. పోలీసులకు ఫోన్ చెయ్యి. ఇప్పుడు నాకు చెప్పిందంతా వాళ్ళకు చెప్పు. ఒక్క ముక్క మింగినావంటే, వాడు కాదు, నేనొస్తా నీ కోసం.”

“నువ్వు యాడికి పోతాండావు?”

“నిన్ను రమ్మన్న్యాడు గదా. నీ బదులు పోతాండా.”

చెప్పులు గది గుమ్మంలో విడిచిపెట్టాను. చప్పుడు కాకుండా మేడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. చివరి మెట్ల దగ్గరికి వచ్చి తల ఎత్తి చూస్తే, శరత్ చంద్ర గోడకు ఆనుకుని, మెట్ల వైపు వీపు పెట్టి, వీధిలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.